మాట మనది... మీట ఎవరిది?

మొన్న ఒక ఆదివారం పొద్దుగూకే వేళ ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాల దగ్గర కూర్చున్నాం. సెలవు దినం కాబట్టి కోట నిండా జనం. ఎవరి చేతిలో చూసినా ఫోనే. ఒకామె ఫొటో దిగి దుబాయిలో ఉన్న పెనిమిటికి అక్కడికక్కడే పంపుతున్నది. ఇంకో పిల్లగాడు వీడియో కాల్‌లో తల్లికి ఖుష్ మహల్ చూపిస్తున్నాడు. మా వెంట ఇద్దరున్నారు. ఒకాయన టెలిఫోన్ శాఖలో ముప్పై ఏండ్లు పనిచేసి, 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణతో ఇంటికొచ్చిన పెద్దమనిషి. 2011 సకల జనుల సమ్మె రోజుల్లో డ్యూటీ దిగంగానే మా దీక్షా శిబిరానికి వచ్చి కూర్చునేవాడు. ఇంకొకరు ఆయన బిడ్డ. ఇంజినీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్ ఆఖరు సంవత్సరం చదువుతున్నది.

ఆ అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది. "అన్నా, నాకు కమ్యూనికేషన్స్‌ల పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. ఇంట్ల చెప్తే బాపు సప్పుడు చేస్తలేడు. దోస్తులనడిగితే సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకో, అమీర్‌పేట పో అంటున్నరు. మీరు పేపర్ల రాస్తరు గదా, మీరే చెప్పుండ్రి. ఈ దేశంల టెలికాం రీసెర్చ్ చేస్తే కొలువు ఏడుంటది?"

మేము జవాబు వెతుక్కుంటుండగనే పెద్దమనిషి అందుకున్నాడు. "గింతమంది చేతుల్ల ఫోన్లున్నయి తమ్మీ. మాటలన్నీ మనయే. మాట్లాడిచ్చే మీట మాత్రం మనది కాదు. ఒకప్పుడు మనదే ఉండె."

ఒకప్పుడు మనదే ఉన్నది ఎట్ల పోయింది? మళ్ళీ మనది కావాలంటే ఏం చేయాలె? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఆ అమ్మాయికి కూడా జవాబు దొరుకుతుంది. ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. వరంగల్‌లో, హైదరాబాద్‌లో, ఈ రాష్ట్రంలోని ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలో కూర్చున్న వేలమంది పిల్లల ముచ్చట.

ఏసీ లేని గదిలో నడిచిన ఎక్స్ఛేంజీ

మన పల్లెలకు ఫోన్ ఎట్ల వచ్చిందో ఇప్పటి పిల్లలకు తెలియదు. 1980ల తొలినాళ్ల దాకా ఫోన్ కావాలంటే దరఖాస్తు పెట్టుకొని ఏండ్ల తరబడి ఎదురుచూడాలె. పక్క జిల్లాకు మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసులో కూర్చోవాలె. విదేశీ కంపెనీల డిజిటల్ ఎక్స్ఛేంజీలు అప్పటికే ఉన్నాయి. కానీ అవి పట్నాల కోసం, చల్లటి దేశాల కోసం తయారైనవి. వాటికి ఏసీ గది కావాలె, నిరాటంకంగా కరెంటు కావాలె. ఎండాకాలం 45 డిగ్రీలు కాసే మన ఊర్లలో, గంటగంటకూ కరెంటు పోయే కాలంలో అవి పనికిరావు. మన కోసం వేరే డిజైన్ చేసే అవసరం ఆ కంపెనీలకు లేదు.

అట్లాంటి సమయంలో 1984 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం సీ-డాట్ అనే పరిశోధన సంస్థను పెట్టింది. శామ్ పిట్రోడా దాని వెనుక ఉన్నాడు. 36 నెలలు, 36 కోట్ల రూపాయలు అన్నది లక్ష్యం. అనుభవమున్న పెద్ద ఇంజినీర్లు కొందరే. మిగతావాళ్లంతా కాలేజీల నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో వాళ్లు చేసిన మొదటి గ్రామీణ ఎక్స్ఛేంజీ మోగింది. 128 పోర్టుల చిన్న పెట్టె. దానికి ఏసీ అక్కర లేదు. దుమ్ముకూ వేడికీ తట్టుకునేటట్టు, తక్కువ కరెంటుతో నడిచేటట్టు ఇక్కడి ఇంజినీర్లు ఇక్కడి ఊర్ల కోసం గీసిన డిజైన్ అది.

మా పెద్దమనిషి పనిచేసిన మండల కేంద్రంలో పెట్టింది కూడా అదే. "రేకుల షెడ్డు కింద పెట్టినం. మే నెలల నాకు చెమటలు కారేటివి, దానికి కారేటివి కాదు" అని నవ్వుతాడు. ఆ తర్వాత ఊరూరా పుట్టిన పసుపు రంగు ఎస్టీడీ బూత్‌ల వెనుక, ఆ బూత్ నడుపుకొని బతికిన వికలాంగుల, నిరుద్యోగుల కుటుంబాల వెనుక ఈ పరిశోధన ఉంది. ఎవడో దయతలచి ఇచ్చింది కాదది. మన పిల్లలు చేసింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. చైనాలో హువావే కంపెనీ పుట్టింది 1987లో. అంటే సీ-డాట్ పుట్టిన మూడేండ్లకు. అప్పుడది హాంకాంగ్ నుంచి చిన్న స్విచ్చులు తెచ్చి అమ్ముకునే దుకాణం. కిత్తూరులో మన ఎక్స్ఛేంజీ మోగేనాటికి అది పుట్టనే లేదు. ఇవాళ హువావే ప్రపంచంలోనే పెద్ద టెలికాం పరికరాల కంపెనీ. మరి మనం ఎక్కడున్నాం?

ఆర్డర్ ఆగింది, ల్యాబ్ ఎండింది

మన దగ్గర తెలివి లేక వెనుకబడ్డామా? కానే కాదు. సీ-డాట్ పరిశోధన ఎందుకు గెలిచిందో చూస్తే, ఎందుకు ఓడిందో తెలుస్తుంది. అది గెలిచింది ల్యాబులో మాత్రమే కాదు. తయారైన ఎక్స్ఛేంజీని కొనేవాడున్నాడు కాబట్టి గెలిచింది. ఆ కొనేవాడు ప్రభుత్వ టెలికాం శాఖ. కొనుగోలు ఉందంటే ఫ్యాక్టరీ నడుస్తుంది. ఫ్యాక్టరీ నడిస్తే లోపాలు బయటపడతాయి. లోపాలు ల్యాబుకు తిరిగొస్తే మరో మెరుగైన డిజైన్ పుడుతుంది. పరిశోధన అంటే ఈ చక్రం తిరగడమే.

సరళీకరణ ఈ చక్రాన్ని ఆపింది. 1994 టెలికాం విధానంతో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. 1995లో మొబైల్ వచ్చింది. 1997లో మన దేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, టెలికాం పరికరాల మీద దిగుమతి సుంకాన్ని దశలవారీగా సున్నా చేస్తామని సంతకం పెట్టింది. ఇవన్నీ జరుగుతున్నప్పుడే ప్రపంచం తీగ నుంచి టవర్‌కు మారుతున్నది. సరిగ్గా ఆ మలుపులోనే సీ-డాట్‌కు మొబైల్ మీద పనిచేసే పెద్ద లక్ష్యాన్నీ, దానికి కొనుగోలు హామీనీ ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. 1948లో పుట్టిన ప్రభుత్వరంగ ఐటీఐ ఫ్యాక్టరీలు ఆర్డర్లు లేక నీరసించాయి. సీ-డాట్ నుంచి ఇంజినీర్లు ఒక్కొక్కరే బయటికి నడిచారు.

2000 అక్టోబర్ 1న బీఎస్ఎన్ఎల్ పుట్టింది. దాని మొబైల్ నెట్‌వర్క్ ఎరిక్సన్, నోకియా, నోర్టెల్, హువావే, జెడ్‌టీఈ వంటి విదేశీ కంపెనీల పరికరాల మీద లేచింది. ఆ తర్వాత ఆ సంస్థకు కావాల్సిన కొనుగోళ్లు కూడా సమయానికి కానివ్వలేదు. 9.3 కోట్ల లైన్ల టెండర్ 2010లో రద్దయింది. 2016 సెప్టెంబర్‌లో జియో 4జీతో దిగితే, బీఎస్ఎన్ఎల్‌కు 4జీ స్పెక్ట్రం ఇస్తామని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది 2019 అక్టోబర్‌లో. అదే ప్యాకేజీలో స్వచ్ఛంద పదవీ విరమణ. ఒక్క బీఎస్ఎన్ఎల్‌లోనే 78 వేలకు పైగా ఉద్యోగులు ఒక్కనాడే ఇంటి దారి పట్టారు.

ఉద్యోగ సోదరులు దీన్ని కొలువుల సమస్యగానే చూశారు. అది కొలువుల సమస్యే. కానీ దాంతోపాటు పోయింది ఇంకొకటి ఉంది. కొత్త పరికరాన్ని ఊర్లో బిగించి, నడిపించి, ఎక్కడ చెడిపోతున్నదో ల్యాబుకు చెప్పగల అనుభవం పోయింది. ఆ అనుభవం ఏ పుస్తకంలోనూ ఉండదు.

అమెరికా కూడా ఇట్లనే ఆగమైంది

ఇదంతా ప్రభుత్వ సంస్థల చేతగానితనం, ప్రైవేటుకు వదిలేస్తే పరిశోధన దానంతట అదే పుడుతుంది అని వాదించే మేధావులకు కొదవ లేదు. వాళ్లు ఒకసారి అమెరికా వైపు చూడాలె.

ప్రపంచ టెలికాం పరిశోధనకు బెల్ ల్యాబ్స్ పుట్టిల్లు. 1925లో మొదలైంది. 1947లో ట్రాన్సిస్టర్ అక్కడ పుట్టింది. 1948లో క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతం అక్కడి నుంచి వెలువడింది. ఇవాళ మన ఫోన్‌లో పోయే ప్రతి మెసేజికీ లెక్క అదే. యూనిక్స్, సీ భాష, డిజిటల్ కెమెరాకు మూలమైన సీసీడీ అన్నీ అక్కడివే. ఆ ల్యాబుకు అంత శక్తి ఎక్కడిది? ఏటీ అండ్ టీ అనే ఒకే కంపెనీ దాదాపు దేశమంతా ఫోన్ నడిపేది. ప్రజలు కట్టే ఫోన్ బిల్లులో కొంత భాగం ఏటేటా ల్యాబుకు చేరేది. పదేండ్లకో ఇరవై ఏండ్లకో పనికొచ్చే విషయం మీద కూర్చొని ఆలోచించే తీరిక దాంతో దొరికింది.

1984 జనవరి 1న ఆ కంపెనీని ముక్కలు చేశారు. గుత్తాధిపత్యం పోవడం మంచిదే. ఫోన్ చార్జీలు తగ్గాయి. కానీ ఆ బిల్లులోంచి పరిశోధనకు పోయే వాటాను ఎవరు భరించాలన్న ప్రశ్న గాలికిపోయింది. ల్యాబ్ 1996లో లూసెంట్ చేతికి, 2006లో అల్కాటెల్-లూసెంట్ చేతికి, 2016లో నోకియా చేతికి మారింది. 2008లో మౌలిక భౌతికశాస్త్ర పరిశోధన నుంచే తప్పుకుంటున్నామని అప్పటి యాజమాన్యం చెప్పింది. పక్కనున్న కెనడాలో నోర్టెల్ 2009లో దివాలా తీసింది. దాని పేటెంట్లను 2011లో యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు కలిసి 450 కోట్ల డాలర్లకు కొనుక్కున్నాయి. ఇల్లు కూలినా తలుపులూ దర్వాజలూ అమ్ముడుపోయినట్టు.

2006లోనే అమెరికా జాతీయ పరిశోధన మండలి కమిటీ ఒకటి ఈ ప్రమాదం గురించి హెచ్చరించింది. కంపెనీలు రేపటి లాభం చూసుకుంటున్నాయి తప్ప దీర్ఘకాల పరిశోధన చేయడం లేదు, ప్రభుత్వం పూనుకోవాలె అన్నది దాని సారాంశం. పట్టించుకున్నది తక్కువ. ఫలితం ఏమిటి? ఇవాళ మొబైల్ నెట్‌వర్క్‌లు కట్టే పెద్ద కంపెనీలు స్వీడన్‌లో, ఫిన్లాండ్‌లో, కొరియాలో, చైనాలో ఉన్నాయి. అమెరికాలో లేవు. టెలిఫోన్ పుట్టిన గడ్డ మీద టెలిఫోన్ నెట్‌వర్క్ కట్టే పెద్ద కంపెనీ లేదు! చివరికి 2022లో అక్కడి ప్రభుత్వమే 150 కోట్ల డాలర్లు కేటాయించి వైర్‌లెస్ పరిశోధనను లేపడానికి తిప్పలు పడుతున్నది.

పెట్టుబడిదారీ స్వర్గంలోనే మార్కెట్ ఈ పని చేయలేకపోతే, మన దగ్గర చేస్తుందా?

చెరువు కట్ట ఎవరు పొయ్యాలె?

దీని మర్మం వరంగల్ జనానికి వేరే చెప్పనక్కర లేదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల కిందనే మన ఎవుసం పెరిగింది. పాకాల, రామప్ప, లక్నవరం ఇప్పటికీ పొలాలు పారిస్తున్నాయి. చెరువు నీళ్లు అందరికీ కావాలె. కానీ కట్ట పొయ్యడం, పూడిక తియ్యడం ఏ ఒక్క రైతూ తన సొంత ఖర్చుతో చేయడు. చేస్తే ఆ నీళ్లు పక్కవాని పొలానికి కూడా పోతాయి కదా! అందుకే ఆనాడు దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టి, బాగోగులు చూసేవాళ్లకు ఆ చెరువు కింద పారే భూమిలో ఒక వాటా దక్కేది. పారకం ఉన్నన్నాళ్లు వాటా ఉంటుంది. వాటా ఉన్నన్నాళ్లు కట్ట నిలబడుతుంది.

పరిశోధన కూడా చెరువు లాంటిదే. ఫలితం అందరికీ పారుతుంది, ఖర్చు మాత్రం ఎవరూ పెట్టరు. ఒక కంపెనీ పదేండ్లు శ్రమపడి కొత్త పద్ధతి కనిపెడితే పోటీ కంపెనీ కూడా దాన్ని వాడుకుంటుంది. అందుకే మూడు నెలలకోసారి లాభనష్టాల లెక్క చూపాల్సిన కంపెనీ ఆ జోలికి పోదు. బెల్ ల్యాబ్స్‌కు ఫోన్ బిల్లు, సీ-డాట్‌కు టెలికాం శాఖ ఆర్డర్ దశబంధంలాగా పనిచేశాయి. చైనా తన పెద్ద మార్కెట్‌ను తన కంపెనీలకు దశబంధంగా ఇచ్చింది. మన పాలకులు ఉన్నది కూడా తీసేశారు.

దీనికి రుజువు కోసం ఢిల్లీ దాకా పోనక్కర లేదు. 1967లో ఏ.ఎస్.రావు నాయకత్వంలో హైదరాబాద్‌లో పెట్టిన ఈసీఐఎల్‌నే చూడండి. అణుశక్తి శాఖకు కావాల్సిన పరికరాల కోసం పుట్టి, స్వదేశీ కంప్యూటర్లు తయారు చేసింది. 2008లో చంద్రయాన్-1 చంద్రుని దాకా పోయినప్పుడు దానితో మాట్లాడటానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా నిర్మాణంలో ఈసీఐఎల్‌దే ముఖ్య పాత్ర. ప్రభుత్వ సంస్థ అడిగింది, ప్రభుత్వ సంస్థ చేసింది. చంద్రుని మీది మాట వినగలిగిన ఇంజినీర్లకు, ఖిలా వరంగల్ నుంచి హన్మకొండకు మాట పంపడం చేతకాదా?

వంద రూపాయల్లో పావలా

నిధులు లేవంటారు. లెక్క చూద్దాం. 2022 ఆగస్టులో ముగిసిన ఒక్క 5జీ వేలంలో ప్రభుత్వం అమ్మిన స్పెక్ట్రం విలువ 1,50,173 కోట్ల రూపాయలు. అదే ఏడాది మే నెలలో ఎనిమిది సంస్థలు కలిసి తయారు చేసిన స్వదేశీ 5జీ టెస్ట్‌బెడ్‌ను ప్రారంభించారు. ఐఐటీ హైదరాబాద్ కూడా అందులో ఒకటి. దానికైన ఖర్చు సుమారు 220 కోట్లు. గాలిని అమ్మితే లక్షన్నర కోట్లు. ఆ గాలిలో మాట ఎట్ల పోవాలో కనిపెట్టడానికి 220 కోట్లు!

ఇంకో లెక్క. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు చేసిన ఆదాయంలో ఐదు శాతాన్ని గ్రామీణ సేవల నిధికి కడతాయి. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. 2022 అక్టోబర్‌లో ఆ నిధి వార్షిక వసూళ్లలో ఐదు శాతాన్ని టెక్నాలజీ అభివృద్ధికి ఇస్తామన్నారు. మంచిదే, ఏమీ లేనిదానికంటే నయమే. కానీ ఐదు శాతంలో ఐదు శాతం అంటే ఎంత? వంద రూపాయల్లో ఐదు రూపాయలు. ఆ ఐదు రూపాయల్లో పావలా. మన రీచార్జి డబ్బుతో వచ్చే ఆదాయంలో వందకు పావలా పరిశోధనకు! దశబంధం యేలిన గడ్డ మీద పావలా బంధం!

దేశం మొత్తంగా చూసినా అంతే. 2020-21 లెక్కల ప్రకారం మన స్థూల దేశీయోత్పత్తిలో పరిశోధనకు పెట్టింది 0.64 శాతం. చైనా రెండున్నర శాతం దగ్గర, దక్షిణ కొరియా ఐదు శాతం దగ్గర ఉన్నాయి. 2025 జూలైలో కేంద్రం లక్ష కోట్ల రూపాయల పరిశోధన పథకాన్ని ఆమోదించింది. అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీతోనో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాల రుణం. కంపెనీకి అప్పు ఇస్తారు సరే, ఆ కంపెనీలో పరిశోధన చేసే మనిషిని ఎవరు తయారు చేస్తారు? రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏండ్ల తరబడి శాశ్వత అధ్యాపక నియామకాలు లేక పార్ట్‌టైం, కాంట్రాక్టు అధ్యాపకులతో తరగతులు నడిచాయి. గైడే లేనిచోట పరిశోధక విద్యార్థి ఎక్కడి నుంచి వస్తాడు? నిధులు, నియామకాలు అని మనం కొట్లాడింది ఇందుకే కదా. రాష్ట్రం వచ్చింది. ఆ రెండు మాటలు మాత్రం ల్యాబు గడప దాకా చేరలేదు.

కంది నుంచి లేచిన తరంగం

ఇంత చెప్పినా మేము నిరాశ చెప్పడం లేదు. ఎందుకంటే పావలాతోనే మన వాళ్లు ఏం చేశారో మన కళ్ల ముందరే ఉంది.

సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. అక్కడి ఆచార్యులు కిరణ్ కూచి బృందం, మద్రాసులోని సెవిట్ సంస్థ కలిసి 5జీ సంకేతం పంపే ఒక పద్ధతి మీద పనిచేశాయి. ఫోన్‌లో ఉండే చిన్న యాంప్లిఫయర్ తన శక్తినంతా వాడుకొని సంకేతాన్ని ఎక్కువ దూరం పంపేటట్టు చేయడం దాని ఉద్దేశం. పట్నాల్లో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ దీని అవసరం తక్కువ. మన పల్లెల్లో పంచాయతీ కేంద్రం దగ్గర ఒక టవర్ ఉంటుంది, చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో శివారు పల్లెలు, తండాలు ఉంటాయి. టవర్ నుంచి ఫోన్‌కు మాట వస్తుంది గానీ ఫోన్ నుంచి టవర్‌కు చేరదు. ఈ బాధ స్వీడన్‌కు తెలియదు. తండాకు తెలుసు.

ఆ పద్ధతి అంతర్జాతీయ 5జీ ప్రమాణాల్లోకి ఎక్కింది. మన దేశ ప్రమాణాల సంస్థ ముందుకు తెచ్చిన 5జీఐని ఐక్యరాజ్యసమితికి చెందిన టెలికాం సంఘం గుర్తించింది. టవర్ల మధ్య ఆరు కిలోమీటర్ల దూరముండే గ్రామీణ పరిస్థితిని కొలమానంగా పెట్టాలన్న మన వాదన అక్కడ నిలిచింది. అయితే దేశంలోని ఆపరేటర్లు, పరికరాల కంపెనీలు ఖర్చు పెరుగుతుంది, ప్రపంచంతో పొసగదు అని అభ్యంతరం చెప్పాయి. వాళ్ల మాటలో కొంత నిజముంది. ఒక దేశానికి ఒక్కటే ప్రమాణమైతే ఫోన్లు పిరమవుతాయి. చివరికి దాన్ని అంతర్జాతీయ ప్రమాణంలోనే కలిపేశారు. కానీ కొనేవాడు తోడుంటే కంది ల్యాబు ఎంత బలంగా మాట్లాడగలిగేదో ఆలోచించండి.

రెండోది బీఎస్ఎన్ఎల్ 4జీ. 2020లో చైనాతో సరిహద్దు ఘర్షణ తర్వాత 4జీ టెండర్‌ను రద్దు చేసి స్వదేశీ పరికరాలే వాడాలన్నారు. అప్పుడు గుర్తొచ్చింది సీ-డాట్! సీ-డాట్ కోర్, తేజస్ రేడియో, టీసీఎస్ అనుసంధానంతో కట్టిన నెట్‌వర్క్‌ను 2025 సెప్టెంబర్ 27న 97 వేలకు పైగా టవర్లతో ప్రారంభించారు. ముప్పై ఏండ్లు ఎండబెట్టిన ల్యాబు అది. ఆర్డర్ అనే నీటిచుక్క పడంగానే చిగురించింది. మొదట్లో నెట్‌వర్క్ సరిగ్గా లేదని జనం తిట్టుకున్న మాట నిజమే. ఏ కొత్త యంత్రమైనా మొదట సతాయిస్తది. కిత్తూరు ఎక్స్ఛేంజీ కూడా పుట్టుకతోనే పరుగెత్తలేదు. కానీ జియో 4జీకి, ఇప్పటి బీఎస్ఎన్ఎల్ 4జీకి మధ్య తొమ్మిదేండ్లు. ఆ తొమ్మిదేండ్ల ఆలస్యం ఇంజినీర్లది కాదు, పాలకులది.

జియో లాంటి ప్రైవేటు కంపెనీ కూడా తన 5జీ కోర్‌ను సొంతంగా చేసుకున్నానని చెబుతున్నది. సంతోషం. కానీ రేడియో పరికరాలకు 2022లో ఎరిక్సన్, నోకియాలతోనే ఒప్పందం చేసుకుంది. సొంత అవసరానికి సొంత ల్యాబు పెట్టుకోవడం వేరు, దేశానికి చెరువు తవ్వడం వేరు.

కూలి మనది, పట్టా వాళ్లది

మరి మన పిల్లల తెలివి ఎటు పోతున్నది? 1959 అక్టోబర్‌లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ఆర్ఈసీ దేశంలోనే మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల. ఇప్పుడది నిట్. అక్కడి నుంచి, చుట్టుపక్కల కాలేజీల నుంచి బయటికొచ్చిన పిల్లలు హైదరాబాద్‌లోని క్వాల్‌కామ్ లాంటి బహుళజాతి కంపెనీల కేంద్రాల్లో పనిచేస్తున్నారు. 5జీ చిప్‌ల మీద పనిచేస్తున్నారు. వాళ్లను మేము తప్పుపట్టడం లేదు. మంచి జీతం, మంచి పని. కానీ ఆ పనిలోంచి పుట్టే పేటెంట్ పట్టా అమెరికాలోని కంపెనీ పేరు మీద ఉంటుంది. జాగ మనది, కూలి మనది, పంట వాళ్లది.

పట్టా లేకపోతే ఏమవుతుందో 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఎరిక్సన్ పేటెంట్లు వాడుకున్నందుకు మన దేశపు ఫోన్ల కంపెనీ లావా 244 కోట్ల రూపాయలు చెల్లించాలన్నది. చట్టం ప్రకారం అది సరే. ఫోన్‌ను ఇక్కడ బిగించినంత మాత్రాన అది మనదైపోదని మనకు తెలిసిరావాలె. స్క్రూలు బిగించడం ఉపాధి. అందులో ఏముండాలో నిర్ణయించడం పరిశోధన.

అడగాల్సింది మనమే

ఈ విషయంలో మమ్మల్ని మేమూ విమర్శించుకోవాలె. 2011లో నంబర్ మార్చకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం రాంగనే బీఎస్ఎన్ఎల్ వదిలి పోయినవాళ్లలో మేమూ ఉన్నాం. ఉద్యమంలో ఒక్క ఎస్సెమ్మెస్‌తో ఊరంతా కదిలించినం గానీ, ఆ ఎస్సెమ్మెస్ ఎవరి యంత్రం మీదుగా పోతున్నదని ఒక్కనాడూ అడగలేదు. కొలువులు అడిగినం. కొలువులు పుట్టించే ల్యాబులు అడగలేదు.

ఇప్పుడు అడుగుదాం. ఒకటి, పావలా బంధం పోవాలె. స్పెక్ట్రం అమ్మకంలో, లైసెన్సు ఫీజులో కచ్చితమైన వాటాను ఏటేటా ప్రభుత్వ ల్యాబులకు, విశ్వవిద్యాలయాలకు చట్టబద్ధంగా ఇవ్వాలె. రెండు, బీఎస్ఎన్ఎల్ 5జీ, ఆపై 6జీ కొనుగోళ్లలో స్వదేశీ పరిశోధనకు ముందే హామీ ఉండాలె, సమయానికి ఆర్డర్ రావాలె. ఆలస్యంగా ఇచ్చిన ఆర్డర్ ఎండిన పంటకు పారిచ్చిన నీళ్ల లాంటిది. మూడు, ప్రజల డబ్బుతో పుట్టిన పేటెంట్ ప్రజల సంస్థ పేరు మీదనే ఉండాలె. నాలుగు, విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు నింపాలె, పరిశోధక విద్యార్థికి బతకగలిగే ఫెలోషిప్ ఇవ్వాలె. ఐదు, వరంగల్‌లో నిట్, కాకతీయ విశ్వవిద్యాలయం కలిసి గ్రామీణ టెలికాం పరిశోధన కేంద్రం పెట్టాలె. ఏటూరునాగారం అడవిలో సిగ్నల్ ఎందుకు అందదో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ల్యాబు ఇంకెక్కడుంటది? పదవీ విరమణ చేసిన టెలిఫోన్ ఉద్యోగుల అనుభవాన్ని ఆ కేంద్రం వాడుకోవాలె.

విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు తమ డిమాండ్ల పత్రాల్లో ఈ మాటలు చేర్చాలె. ఎన్నికలప్పుడు ఓటడగడానికొచ్చిన ప్రతి నాయకుణ్ణీ ఈ ఐదు ప్రశ్నలు అడగాలె.

ఇక ఆ అమ్మాయికి మేమిచ్చే జవాబు ఇది. చెల్లే, ఈ రోజు ఆ కొలువు ఎక్కడా తయారుగా లేదు. అబద్ధం చెప్పి నిన్ను ఆ బాట పట్టించం. కానీ 1984లో సీ-డాట్‌లో చేరిన పిల్లలకు కూడా తయారుగా ఉన్న కొలువు లేదు. వాళ్లకు ఒక లక్ష్యం, ఒక గడువు, కొంటామని మాటిచ్చిన ప్రభుత్వం ఉన్నాయి. నీ తెలివికి లోటు లేదు. లోటున్నది ఆ మూడింటికే. నువ్వు చదువు. ఆ మూడూ తేవడానికి కొట్లాడే బాధ్యత మాది.

పెద్దమనిషి ఆ సాయంత్రం లేచి పోయేటప్పుడు తన బిడ్డ భుజం మీద చెయ్యేసి ఒకే మాటన్నాడు. "దరఖాస్తు పెట్టు బిడ్డా. నేను బిగించిన ఎక్స్ఛేంజీ కూడా ఎవని బిడ్డో చదువుకొని చేసిందే గదా."